నార్త్ కరోలినాలో ఓపియాయిడ్ నిధులు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కేరీ, మోరిస్‌విల్, షార్లెట్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు కలిసిన చోట డ్రగ్స్ ప్రస్తావన వస్తే మొదట అందరూ సర్దుకుని కూర్చుంటారు. కాసేపటికి ఒకరు గొంతు తగ్గించి ఏదో అడుగుతారు. ఆ తర్వాత ప్రశ్నలు ఆగవు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులను ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. ఓపియాయిడ్లంటే బలమైన నొప్పి మాత్రలు, హెరాయిన్, ఫెంటానిల్ లాంటివి. వాటి వ్యసనం చికిత్సకు, మరణాల నివారణకు రాష్ట్రానికి వస్తున్న డబ్బు గురించి తెలుసుకోవలసింది అధికారులు మాత్రమే కాదు. ఇందులో మన ఇళ్లకూ వాటా ఉంది, దాని గురించి అడిగే హక్కూ మనకు ఉంది.

## డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

ఇది మన పన్నుల డబ్బా, కంపెనీలు కట్టిన డబ్బా?

రెండూ. వ్యసన చికిత్సకు, ఓవర్‌డోస్ మరణాల నివారణకు రాష్ట్రంలో ఖర్చయ్యే డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, నొప్పి మాత్రల తయారీదారులు, పంపిణీదారులు, మందుల దుకాణాల సంస్థలు కోర్టు కేసుల రాజీలో చెల్లిస్తున్న సొమ్ము. రెండోది, ఫెడరల్ గ్రాంట్లు. 2016 చివర్లో వచ్చిన క్యూర్స్ చట్టం రాష్ట్రాలకు రెండేళ్లకు 100 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2018 నుంచి స్టేట్ ఓపియాయిడ్ రెస్పాన్స్ అనే గ్రాంటు దాని స్థానంలో నడుస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో అది దేశం మొత్తానికి ఏటా సుమారు 150 కోట్ల డాలర్లు. మూడోది మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. పేపర్లలో కంపెనీల సొమ్ము గురించే ఎక్కువగా రాస్తారు కానీ, దేశంలో ఓపియాయిడ్ వ్యసనం చికిత్సకు అన్నిటికంటే ఎక్కువగా చెల్లిస్తున్నది మెడికెయిడే.

ఆ కంపెనీలు అంత డబ్బు ఎందుకు కడుతున్నాయి?

1996లో ఆక్సీకాంటిన్ అనే బలమైన ఓపియాయిడ్ నొప్పి మాత్ర మార్కెట్‌లోకి వచ్చింది. దానికి అలవాటు పడే ప్రమాదం చాలా తక్కువని డాక్టర్లను నమ్మించారు. నడుము నొప్పికి, పంటి నొప్పికి కూడా బలమైన ఓపియాయిడ్లు రాసే అలవాటు దేశమంతా పాకింది. చిన్న ఊళ్లకు జనాభాతో పొంతన లేనన్ని మాత్రలు చేరుతున్నా పంపిణీదారులు ఆపలేదని, దుకాణాలు అనుమానాస్పద ప్రిస్క్రిప్షన్లను ప్రశ్నించలేదని రాష్ట్రాలు, కౌంటీలు దావాలు వేశాయి.

మాత్రలు దొరకడం కష్టమయ్యాక, 2010 ప్రాంతంలో చాలామంది హెరాయిన్‌కు మళ్లారు. 2013 తర్వాత ఫెంటానిల్ అనే ఇంకా బలమైన ఓపియాయిడ్ వచ్చి మరణాలు ఎన్నో రెట్లు పెరిగాయి. 2021 జూలైలో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు పంపిణీ సంస్థలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల వరకు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఇందులో పంపిణీదారుల వాటా 2,100 కోట్లు, దాన్ని 18 ఏళ్లపాటు చెల్లిస్తారు. 2022 చివర్లో వాల్‌మార్ట్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, టెవా, అలెర్గాన్ కూడా ఒప్పందాలకు వచ్చాయి. ఈ చర్చలు నడిపించిన అటార్నీ జనరల్స్‌లో (రాష్ట్రాల ప్రధాన న్యాయాధికారులలో) నార్త్ కరోలినాకు చెందిన జాష్ స్టైన్ ముఖ్యుడు. 2025 జనవరి నుంచి ఆయన రాష్ట్ర గవర్నర్.

ఈ జాబితాలో ఇండియా కంపెనీలు కూడా ఉన్నాయని విన్నాను. నిజమేనా?

నిజమే. 2025 జూలైలో ఎనిమిది మందుల కంపెనీలతో సుమారు 72 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని రాష్ట్రాలు ప్రకటించాయి. వాటిలో సన్ ఫార్మా, జైడస్ ఉన్నాయి. మొత్తంలో వాటి వాటా చిన్నదే: సన్ సుమారు 3 కోట్లు, జైడస్ సుమారు 1.5 కోట్లు. అన్నిటికంటే పెద్ద వాటా మైలాన్‌ది.

పర్డ్యూ కంపెనీ, సాక్లర్ కుటుంబం సంగతి ఏమైంది?

ఆక్సీకాంటిన్ తయారు చేసిన పర్డ్యూ ఫార్మా 2019లో దివాలా పిటిషన్ వేసింది. కంపెనీ యజమానులైన సాక్లర్ కుటుంబ సభ్యులు కొంత డబ్బు ఇచ్చి, ఇకపై ఎవరూ తమ మీద దావా వేయకుండా రక్షణ పొందేలా ఒక ప్రణాళిక తయారైంది. 2024 జూన్ 27న సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టివేసింది. తర్వాత 740 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. దాని ఆధారంగా రూపొందిన ప్రణాళికను 2025 నవంబరులో దివాలా కోర్టు ఆమోదించింది.

మా తమ్ముడు ఈ మాత్రలతోనే మొదలై చనిపోయాడు. మాకు పరిహారం వస్తుందా?

చాలా బాధతో అడిగే ప్రశ్న ఇది. మెత్తగా చెప్పడానికి దారి లేదు: పంపిణీదారులు, దుకాణాల సంస్థలు కట్టే సొమ్ము రాష్ట్రాలకు, కౌంటీలకు, పట్టణాలకు వెళుతుంది, కుటుంబాలకు నేరుగా రాదు. పర్డ్యూ దివాలా ప్రణాళికలో మాత్రం వ్యక్తులకు కొంత సొమ్ము విడిగా పెట్టారు. అయితే అది గడువులోగా క్లెయిము దాఖలు చేసినవారికే. మీ ఇంట్లో అప్పట్లో ఎవరైనా క్లెయిము వేసి ఉంటే ఆ కాగితాలు వెతికి న్యాయవాదికి చూపించండి. కొత్తగా క్లెయిము వేయిస్తామని ముందుగా ఫీజు అడిగేవారిని నమ్మకండి.

## ఎవరికి ఎంత

నార్త్ కరోలినాకు ఎంత వస్తుంది, ఎప్పటి వరకు?

ఇప్పటి వరకు కుదిరిన ఒప్పందాల ప్రకారం 150 కోట్ల డాలర్లకు పైగా. ఇది ఒక్కసారిగా రాదు, 2022 నుంచి 2038 వరకు విడతలుగా వస్తుంది. ఏటా వచ్చే మొత్తం ఒకేలా ఉండదు. కొన్ని కంపెనీలు ముందే ఎక్కువ కట్టాయి కాబట్టి మొదటి సంవత్సరాల్లో పెద్ద విడతలు కనిపిస్తాయి. వాటిని చూసి శాశ్వత ఉద్యోగాలు సృష్టించిన కౌంటీ తర్వాత ఇబ్బంది పడుతుంది. అలాగని డబ్బు దాచిపెట్టుకుని కూర్చుంటే ఈ ఏడాది బతకవలసినవాళ్లు బతకరు. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ప్రతి కౌంటీ బోర్డుకూ అసలు పరీక్ష.

రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతమే ఎందుకు ఇచ్చారు?

రాష్ట్రం, స్థానిక ప్రభుత్వాలు కుదుర్చుకున్న అంగీకార పత్రం ప్రకారం 15 శాతం రాష్ట్రానికి, 85 శాతం స్థానిక ప్రభుత్వాలకు వెళుతుంది. మొత్తం 100 కౌంటీలూ దీనికి ఒప్పుకున్నాయి. వాటితో పాటు 17 నగరాలు, పట్టణాలకు నేరుగా వాటా ఉంది. అంబులెన్సులు నడిపిందీ, జైళ్లలో వ్యసనపరులను చూసిందీ, తల్లిదండ్రులు మత్తులో మునిగిన పిల్లలకు ఆశ్రయం వెతికిందీ కౌంటీలే. ముందుగా కోర్టుకెక్కిన వాటిలోనూ కౌంటీలు చాలా ఉన్నాయి. డబ్బు రాష్ట్ర ఖజానాలో పడితే శాసనసభ మరో అవసరానికి మళ్లిస్తుందన్న భయమూ ఉంది. నా అభిప్రాయంలో ఈ పంపకం మంచిదే, కానీ దీనివల్ల నిఘా బాధ్యత వంద చోట్లకు చీలిపోయింది. రాజధానిలో ఒక్క కమిటీని గమనిస్తే సరిపోదు, మీ కౌంటీని మీరే గమనించుకోవాలి.

పక్క కౌంటీకి ఎక్కువ, మాకు తక్కువ ఎందుకు?

జనాభా ఒక్కటే లెక్క కాదు. ఆ ప్రాంతానికి ఎన్ని ఓపియాయిడ్ మాత్రలు చేరాయి, ఓవర్‌డోస్‌తో ఎంతమంది చనిపోయారు, ఓపియాయిడ్ వ్యసనం ఉన్నవారు ఎందరు అనే మూడు అంశాలతో వాటాలు కట్టారు. అందుకే పశ్చిమాన కొండ ప్రాంతాల్లోని కొన్ని చిన్న కౌంటీలకు తలసరి వాటా ఎక్కువగా ఉంటుంది. అక్కడ జరిగిన నష్టం అంత పెద్దది.

మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాగేనా?

కాదు. ఒహాయోలో 55 శాతం వన్‌ఒహాయో రికవరీ ఫౌండేషన్ అనే సంస్థకు, 30 శాతం స్థానిక ప్రభుత్వాలకు, 15 శాతం రాష్ట్రానికి వెళుతుంది. మసాచుసెట్స్‌లో 60 శాతం రాష్ట్ర నిధికి, 40 శాతం పట్టణాలకు. మీ బంధువులు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి పద్ధతి వాళ్లు విడిగా తెలుసుకోవాలి.

పొగాకు కంపెనీల డబ్బులా ఇది కూడా ఎటో పోతుందేమో?

ఆ భయం న్యాయమైనదే. 1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలకు మొదటి 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. దాన్ని పొగాకు మాన్పించడానికే వాడాలన్న షరతు లేకపోవడంతో ఎక్కువ రాష్ట్రాలు బడ్జెట్ లోట్లకు, ఇతర పనులకు వాడుకున్నాయి. నార్త్ కరోలినాలో సగం గోల్డెన్ లీఫ్ ఫౌండేషన్‌కు వెళ్లి, పొగాకు సాగు మీద ఆధారపడిన ప్రాంతాల ఆర్థికాభివృద్ధికి ఖర్చయింది. పావు వంతు ఆరోగ్యం కోసం పెట్టిన ట్రస్టుకు వెళ్లింది. ఆ ట్రస్టును 2011లో రద్దు చేశారు.

ఆ అనుభవంతోనే ఓపియాయిడ్ ఒప్పందాల్లో సొమ్ములో అత్యధిక భాగం నివారణకు, చికిత్సకు, కోలుకోవడానికే వాడాలని రాశారు. రాత బలంగానే ఉంది. అమలు ఎలా ఉంటుందన్నది ఎవరు ఎంత శ్రద్ధగా చూస్తారన్న దాని మీద ఉంటుంది.

## దేనికి ఖర్చు చేస్తారు

కౌంటీ తన ఇష్టం వచ్చినట్లు ఖర్చు చేయవచ్చా?

చేయకూడదు. కౌంటీ ముందు రెండు దారులు ఉన్నాయి. మొదటి దారిలో పన్నెండు రకాల పనులు ఉన్నాయి: ఉమ్మడి ప్రణాళిక, ఆధారాలున్న చికిత్స, కోలుకుంటున్నవారికి తోడ్పాటు, వారికి నివాసం, ఉద్యోగ సహాయం, పిల్లల్లో ముందస్తు జోక్యం, నలోక్సోన్ (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) పంపిణీ, ఓవర్‌డోస్ తర్వాత ఇంటికి వెళ్లి కలిసే బృందాలు, సూదుల మార్పిడి కేంద్రాలు, అరెస్టుకు బదులు చికిత్సకు మళ్లించడం, జైల్లో చికిత్స, విడుదలయ్యాక ఆసరా. రెండో దారిలో ఇంకా విస్తృతమైన జాబితా ఉంది. అయితే అందులోంచి ఎంచుకోవాలంటే ముందు స్థానికులతో కలిసి ప్రణాళికా ప్రక్రియ పూర్తి చేయాలి.

ఏ దారిలోనైనా సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఏ పనికి, ఎంత, ఏ కాలానికి అన్నది కౌంటీ కమిషనర్ల బోర్డు బహిరంగంగా తీర్మానం చేయాలి.

మత్తు మాన్పించడానికి మరో మత్తు మందు ఇవ్వడం ఏమి న్యాయం?

మన ఇళ్లలో పెద్దలు తప్పకుండా అడిగే ప్రశ్న. బుప్రెనార్ఫిన్, మెథడోన్ కూడా ఓపియాయిడ్లే, నిజమే. కానీ సరైన మోతాదులో అవి మత్తు ఎక్కించవు. శరీరం అల్లాడే ఉపసంహరణ బాధను, ఆగని కోరికను అణచి మనిషిని ఉద్యోగానికి, వంటింటికి, పిల్లల చదువు దగ్గరికి తిరిగి తెస్తాయి. ఈ మందులు తీసుకునేవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు చూపాయి. మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఎన్నాళ్లు అని మనం నిలదీయము కదా, ఇదీ అంతే. మందు లేకుండా నెల రోజులు గదిలో ఉంచి మాన్పించి పంపే పద్ధతి ఓపియాయిడ్ల విషయంలో ప్రమాదకరం. శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి, మళ్లీ ఒక్కసారి వాడినా ఊపిరి ఆగవచ్చు.

మెథడోన్ ప్రత్యేక అనుమతి ఉన్న కేంద్రాల్లోనే ఇస్తారు. బుప్రెనార్ఫిన్‌కు గతంలో డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కావలసి వచ్చేది. 2022 డిసెంబరు చివర్లో వచ్చిన చట్టం ఆ అడ్డు తీసేసింది. నియంత్రిత మందులు రాసే లైసెన్సు ఉన్న మీ ఫ్యామిలీ డాక్టరు కూడా ఇప్పుడు రాయవచ్చు. రాయనంటే, రాసేవారి దగ్గరికి పంపమని గట్టిగా అడగండి.

జైల్లో ఉన్న నేరస్థుల మీద ఈ డబ్బు ఖర్చు పెట్టడం అవసరమా?

ప్రాణాలు కాపాడడమే లెక్క అయితే, ఇంతకంటే ఫలితం ఇచ్చే ఖర్చు తక్కువ. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం నార్త్ కరోలినా జైళ్ల నుంచి విడుదలైన వారిని పరిశీలించింది. బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే అవకాశం మామూలు జనాభాతో పోలిస్తే 40 రెట్లు ఎక్కువని తేలింది. లోపల మందు దొరకదు, శరీరం తట్టుకునే శక్తి తగ్గుతుంది, బయట ఫెంటానిల్ ఎదురుచూస్తుంటుంది. లోపలే చికిత్స మొదలుపెట్టి, విడుదల రోజునే బయటి డాక్టరుతో అపాయింట్‌మెంట్ కుదిర్చి, చేతికి నలోక్సోన్ ఇచ్చి పంపితే ఆ రెండు వారాలు గడుస్తాయి. వాళ్లూ ఎవరో ఒకరి పిల్లలే.

డ్రగ్స్ వాడేవాళ్లకు ప్రభుత్వ డబ్బుతో సూదులు ఇవ్వడమేమిటి?

నార్త్ కరోలినాలో సూదుల మార్పిడి 2016 జూలై నుంచి చట్టబద్ధం. వాడిన సూదిని మరొకరు వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ సి వ్యాపిస్తాయి. హెపటైటిస్ సి ఒక్కరికి నయం చేయడానికయ్యే ఖర్చుతో ఎన్నో పెట్టెల సూదులు వస్తాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇంట్లోవాళ్లు, ఆసుపత్రి, ఆఫీసు, అందరూ తలుపు మూసేసిన మనిషి వారానికొకసారైనా నమ్మకంగా వచ్చే చోటు అది. చికిత్సకు వెళతానన్న మాట చాలామంది నోట మొదట వచ్చేది అక్కడే.

ఈ డబ్బుతో పోలీసు కార్లు కొంటున్నారని, సంగీత కచేరీలు పెడుతున్నారని వార్తలు వస్తున్నాయి. నిజమా?

దేశంలో అక్కడక్కడ వివాదాలు ఉన్నాయి. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ పట్టణం 6,32,000 డాలర్లకు పైగా సంగీత కచేరీలకు ఖర్చు చేసిందని 2025 జనవరిలో ఆ రాష్ట్ర కంప్ట్రోలర్ కార్యాలయం తప్పుపట్టింది. అవి అవగాహన కార్యక్రమాలని పట్టణం వాదించింది.

కచేరీ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దొరికిపోతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కనిపించని మళ్లింపు. ఇప్పటికే కౌంటీ బడ్జెట్‌లోంచి జీతం పొందుతున్న ఉద్యోగికి ఇకపై ఓపియాయిడ్ నిధి నుంచి ఇచ్చి, మిగిలిన పాత డబ్బును వేరే పనికి వాడితే కాగితం మీద తప్పు కనిపించదు. చికిత్స మాత్రం ఒక్కరికి కూడా పెరగదు. జాతీయ ఒప్పందాల్లో దీన్ని నేరుగా నిషేధించే షరతు లేదు. అందుకే అడిగేటప్పుడు ఎంత ఖర్చు చేశారని మాత్రమే అడగవద్దు. నిరుడు లేనిది ఈ ఏడాది కొత్తగా ఏమి వచ్చిందని అడగండి.

## మన ఇంటి వరకు వస్తే

ఇంట్లో నలోక్సోన్ పెట్టుకుంటే పిల్లలకు తప్పుడు సంకేతం ఇచ్చినట్లు కాదా?

కాదు. మంటలు ఆర్పే సిలిండరు ఇంట్లో ఉందని ఎవరూ నిప్పు పెట్టరు. నలోక్సోన్ మత్తు ఎక్కించదు, అలవాటు చేయదు. ఓపియాయిడ్ తీసుకోని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని చేయదు. శస్త్రచికిత్స తర్వాత నొప్పికి ఆక్సీకోడోన్ వాడుతున్న అమ్మమ్మ ఇంట్లో ఉన్నా ఇది ఉండటం మంచిది.

ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రేను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి 2023 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ ఏడాది దుకాణాల్లోకి వచ్చినప్పుడు రెండు డోసుల పెట్టె సుమారు 45 డాలర్లు. కౌంటీ ఆరోగ్య శాఖలు చాలాచోట్ల ఉచితంగా ఇస్తాయి, ముందు అక్కడ అడగండి.

మనిషి పిలిచినా పలకకపోవడం, శ్వాస చాలా నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదవులు నీలం కావడం, కంటి పాపలు సూది మొనంత కావడం ఓవర్‌డోస్ గుర్తులు. 911కు ఫోన్ చేయండి. ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టండి. తెలిస్తే నోటితో ఊపిరి అందించండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో డోసు రెండో రంధ్రంలో. ఊపిరి తిరిగి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు ప్రభావం తగ్గాక మళ్లీ శ్వాస ఆగవచ్చు కాబట్టి అంబులెన్సు వచ్చేవరకు కదలవద్దు.

911కు ఫోన్ చేస్తే పోలీసులు మమ్మల్నే పట్టుకుంటారేమో?

నార్త్ కరోలినాలో 2013 నుంచి గుడ్ సమారిటన్ చట్టం ఉంది. ఓవర్‌డోస్ అయిన వ్యక్తి కోసం మంచి ఉద్దేశంతో సహాయం పిలిచిన వారిని, ఆ వ్యక్తిని, కొద్ది మోతాదు డ్రగ్స్ దగ్గర ఉన్నందుకు ప్రాసిక్యూట్ చేయకుండా అది కాపాడుతుంది. అమ్మకానికి, పెద్ద మొత్తాలకు ఈ రక్షణ వర్తించదు. గదిలో నలుగురు స్నేహితులు భయపడి ఫోన్ చేయక, తెల్లవారేవరకు నిద్రపోతున్నాడనుకుని వదిలేయడం వల్ల పోయే ప్రాణాలు ఉన్నాయి. మీ పిల్లలకు ఈ చట్టం సంగతి ఈ రోజే చెప్పండి.

బీమా లేదు. చికిత్సకు ఎవరు డబ్బు కడతారు?

2023 డిసెంబరు 1 నుంచి నార్త్ కరోలినా మెడికెయిడ్‌ను విస్తరించింది. అర్హత ఉన్న తక్కువ ఆదాయపు పెద్దలకు, పిల్లలు లేకపోయినా, ఇది దొరుకుతుంది. తొలి ఏడాది ముగిసేసరికే ఆరు లక్షల మందికి పైగా చేరారు. మెడికెయిడ్ రానివారికి రాష్ట్ర నిధులతో నడిచే సేవలు కొన్ని ఉన్నాయి. వేక్, డర్హమ్, మెక్లెన్‌బర్గ్ కౌంటీల్లో వాటిని అలయన్స్ హెల్త్ నిర్వహిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 1-800-662-4357కు ఫోన్ చేయండి. ఇది ఫెడరల్ ప్రభుత్వ సహాయ కేంద్రం, ఉచితం, పగలు రాత్రి పనిచేస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు ఉంటే 988కు ఫోన్ చేయండి.

మేము హెచ్-1బి మీద ఉన్నాం. చికిత్సకు వెళితే వీసాకు, గ్రీన్‌కార్డుకు ఇబ్బందా?

ఈ భయమే ఎన్నో తెలుగు కుటుంబాలను నెలల తరబడి ఆపేస్తోంది. హెచ్-1బి మీద ఉన్న పెద్దలకు మెడికెయిడ్ సాధారణంగా రాదు, కానీ ఉద్యోగపు బీమా ఉంటుంది. వ్యసన చికిత్సకు కవరేజీ ఉన్న గ్రూపు బీమాలో, మిగతా జబ్బుల కంటే కఠినమైన పరిమితులు పెట్టకూడదని 2008 నాటి చట్టం చెబుతోంది. వ్యసన చికిత్స రికార్డులకు మామూలు వైద్య రికార్డుల కంటే గట్టి ఫెడరల్ రక్షణ ఉంది. మీ అనుమతి లేకుండా కేంద్రం వాటిని యజమానికి పంపడానికి వీల్లేదు.

రెండో వైపు కూడా తెలియాలి. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారు. ప్రస్తుతం వ్యసనం ఉన్నట్లు తేలితే దరఖాస్తుకు అడ్డు. వాడకం ఆగి పన్నెండు నెలలు నిలకడగా ఉంటే మళ్లీ పరిశీలిస్తారు. అంటే చికిత్స ఆలస్యం చేసిన కొద్దీ నష్టమే. డ్రగ్స్ కేసులో శిక్ష పడితే వలస హోదాకు జరిగే నష్టం చాలా ఎక్కువ. కేసు ఉంటే, నేరం ఒప్పుకునే ఏ కాగితం మీదా ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా సంతకం చేయవద్దు.

మా అబ్బాయి యూనివర్సిటీలో చదువుతున్నాడు, ఓపియాయిడ్ల జోలికి పోడు. మాకెందుకు ఇదంతా?

పరీక్షల ముందు నిద్ర రాకుండా ఉండటానికి అడరాల్ అని, ఆందోళనకు జానాక్స్ అని సోషల్ మీడియాలో కొనే మాత్రల్లో ఫెంటానిల్ కలిసి ఉండవచ్చు. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు. అచ్చు మందుల దుకాణపు మాత్రలాగే తయారు చేస్తారు, కంటికి తేడా తెలియదు. అంటే ఓపియాయిడ్ ఎన్నడూ తెలిసి ముట్టని కుర్రాడు కూడా ఓపియాయిడ్‌తో చనిపోవచ్చు. దుకాణంలో తన పేరుతో ఇచ్చిన సీసాలోది తప్ప ఏ మాత్రా వేసుకోవద్దని పిల్లలకు చెప్పండి.

కొన్నాళ్లు ఇండియాకు పంపిస్తే బాగుపడతాడు కదా?

స్నేహితులకు దూరమైతే మారతాడన్న ఆశతో చాలామంది ఇదే చేస్తారు. ఆ ప్రేమ అర్థమవుతుంది. కానీ ఇక్కడ మొదలైన బుప్రెనార్ఫిన్ విమానం ఎక్కగానే ఆగిపోతే పరిస్థితి విషమిస్తుంది. కొన్ని నెలలు మాని తిరిగి వచ్చి పాత మోతాదు వాడితే శరీరం తట్టుకోదు. పంపక తప్పదనుకుంటే, హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో చికిత్స కొనసాగించే సైకియాట్రిస్టును ముందే మాట్లాడి, ఇక్కడి డాక్టరు నుంచి రికార్డులు తీసుకుని పంపండి. భారత ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు 14446. తిరిగి వచ్చే రోజున ఇంట్లో నలోక్సోన్ సిద్ధంగా ఉండాలి.

## అడగడం, గమనించడం

మా కౌంటీ ఎంత తీసుకుంది, ఎంత ఖర్చు చేసింది, ఎలా తెలుస్తుంది?

కోర్-ఎన్‌సీ అనే వెబ్‌సైటులో ప్రతి కౌంటీకి వచ్చిన, రాబోయే చెల్లింపులు, ఎంచుకున్న పనులు, ఖర్చులు చూడవచ్చు. సొమ్ము తీసుకునే ప్రతి స్థానిక ప్రభుత్వం ఏటా ఆర్థిక నివేదిక ఇవ్వాలి. ఖర్చు వల్ల ఏమి మారిందో చెప్పే ప్రభావ నివేదిక కూడా ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి కొత్త నివేదికలు శరదృతువులో వెతకండి. ఖర్చు కాని నిల్వ పెద్దగా కనిపిస్తే దానికి కారణం అడగదగినదే.

నాకు పౌరసత్వం లేదు. మీటింగులో మాట్లాడనిస్తారా?

మాట్లాడవచ్చు. కౌంటీ కమిషనర్ల బోర్డు నెలకు కనీసం ఒకసారి ప్రజల మాట వినాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. ఓటు హక్కు ఉందా అని అడగరు. మామూలుగా మూడు నిమిషాల వరకు సమయం ఇస్తారు, ముందు పేరు నమోదు చేసుకోవాలి. ఓపియాయిడ్ నిధి మీద ప్రతి కౌంటీ ఏటా కనీసం ఒక బహిరంగ సమావేశం జరపాలి, దానికి పట్టణాలను కూడా పిలవాలి. ఆ తేదీ కౌంటీ క్లర్కును అడిగితే చెబుతారు. ఆ సమావేశాలకు మనవాళ్లు చాలా తక్కువగా వస్తారు. పాఠశాలల హద్దులు మారుస్తుంటే హాలు నింపేవాళ్లం ఇక్కడ ఒక్క వరుసైనా నింపాలి.

మా తెలుగు సంఘం ఈ నిధి కోసం దరఖాస్తు చేయవచ్చా?

లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉంటే చేయవచ్చు. కౌంటీలు అప్పుడప్పుడు ప్రతిపాదనలు ఆహ్వానిస్తాయి. చికిత్స కేంద్రం నడపడం మనకు సాధ్యం కాదు, నడపాల్సిన అవసరమూ లేదు. కానీ టీనేజీ పిల్లల్లో ఇబ్బందిని ముందే గుర్తించేలా తల్లిదండ్రులకు, గుడిలో, తెలుగు బడిలో పనిచేసే వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం ముందస్తు జోక్యం కిందికి వస్తుంది. తెలుగులో నలోక్సోన్ శిక్షణ కూడా అడగదగినదే. లెక్కలు, రసీదులు పక్కాగా ఉంచగలరో లేదో ముందు చూసుకోండి, ఎందుకంటే ప్రతి డాలరుకూ జవాబు చెప్పాలి.

మరణాలు తగ్గుతున్నాయంటున్నారు కదా, ఇంకా ఇంత డబ్బు అవసరమా?

తగ్గాయి, అది గొప్ప సంగతే. దేశంలో 2022లో సుమారు 1,08,000 మంది ఓవర్‌డోస్‌తో చనిపోయారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80,000. నార్త్ కరోలినాలో 2021 నుంచి 2023 వరకు ఏటా 4,000 మందికి పైగా పోయారు, 2024లో ఇక్కడా పెద్ద తగ్గుదల కనిపించింది. అయినా 80,000 అంటే 2010 నాటి మరణాలకు రెట్టింపు. తగ్గుదల అందరికీ సమానంగా అందలేదు, ఆదివాసీ, నల్లజాతి సమాజాల్లో నష్టం ఇప్పటికీ ఎక్కువ. నలోక్సోన్ విరివిగా దొరకడం, చికిత్స అందుబాటు పెరగడం ఈ తగ్గుదలకు కారణాల్లో ఉన్నాయి. ఇప్పుడు డబ్బు ఆపితే ఆ కారణాలనే తీసేసినట్లవుతుంది.

ఫెడరల్ కోతలు వస్తే ఈ ఒప్పందాల సొమ్ముతో సరిపెట్టుకోవచ్చా?

సరిపోదు. 150 కోట్ల డాలర్లను పదిహేడేళ్లకు, వంద కౌంటీలకు పంచితే ఒక్కో చోటికి ఏటా చేరేది పరిమితమే. 2025 మార్చిలో ఫెడరల్ ఆరోగ్య శాఖ కోవిడ్ కాలపు గ్రాంట్లు 1,100 కోట్ల డాలర్లకు పైగా రద్దు చేస్తున్నట్లు ప్రకటించినప్పుడు, మానసిక ఆరోగ్యం, వ్యసన సేవల డబ్బు కూడా వాటిలో ఉంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి విస్తరణ మెడికెయిడ్ పొందే పెద్దలు నెలకు 80 గంటల పని లేదా అలాంటి కార్యక్రమం చూపాలి. వ్యసన రుగ్మత ఉన్నవారికి మినహాయింపు ఉంది, కానీ ఆ మినహాయింపును కాగితాలతో నిరూపించుకోవాలి. చికిత్సలో ఉన్న మనిషి ఒక ఫారం నింపక కవరేజీ పోగొట్టుకుంటే మందు ఆగుతుంది. ఇంకొకటి: విస్తరణకు ఫెడరల్ వాటా 90 శాతం కంటే తగ్గితే నార్త్ కరోలినాలో విస్తరణ ఆగిపోయేలా రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి కౌంటీ బోర్డుతో పాటు రాష్ట్ర శాసనసభ్యులకు, కాంగ్రెస్ సభ్యులకు కూడా ఉత్తరాలు రాయండి. మీ ఇంట్లో ఎవరైనా మెడికెయిడ్ మీద చికిత్సలో ఉంటే, రోగనిర్ధారణ రాసిన డాక్టరు పత్రం ఇప్పుడే తీసుకుని ఫైలులో ఉంచండి. చిరునామా మారితే కౌంటీ సామాజిక సేవల కార్యాలయానికి వెంటనే తెలియజేయండి.